ఇంట్లోనే నడకను కొలవడం ఎలా: రెండు కాళ్లకు రెండు వైర్‌లెస్ సెన్సర్లు

అమ్మకు కుడి మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఇంట్లో రోజూ ఒకటే వాదన. "కుంటు తగ్గింది" అని నాన్న. "ఎక్కడ తగ్గింది, అలాగే ఉందిగా" అని చెల్లి. అమ్మనే అడిగితే "ఏమోరా, పొద్దున ఒకలా ఉంటోంది, సాయంత్రం ఒకలా ఉంటోంది" అనేది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక కాలు రెండో దానికంటే సెకనులో పదో వంతు తక్కువసేపు నేల మీద నిలిస్తే, అది రోజూ చూసే కంటికి అందదు.

చేతి వాచీ దీనికి పనికిరాదు. అది అడుగులు లెక్కపెడుతుంది. నాలుగు వేల అడుగులు నిటారుగా వేసినా నాలుగు వేలే, కుంటుతూ వేసినా నాలుగు వేలే. మనకు కావాల్సింది ఏ కాలు ఎంతసేపు బరువు మోసిందన్నది. దానికి ఒక్కో కాలికీ ఒక్కో సెన్సర్ ఉండాలి. కాస్త సోల్డరింగ్, కాస్త ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఎవరైనా రెండు ఆదివారాల్లో చేసుకోగల పని ఇది. ఖర్చు రెండు వేల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది.

ముందు నాలుగడుగులు వేసి చూడండి

కుర్చీలోంచి లేచి, నెమ్మదిగా నడుస్తూ మీ కుడి పాదాన్నే గమనించండి. కుడి మడమ నేలకు తాకిన క్షణం నుంచి మళ్లీ అదే మడమ నేలకు తాకేదాకా ఒక చుట్టు. దీన్ని స్ట్రైడ్ అంటారు. ఇందులో రెండు అడుగులుంటాయి, కుడిది ఒకటి, ఎడమది ఒకటి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మామూలుగా నడిస్తే ఒక స్ట్రైడ్‌కు సుమారు ఒక సెకను పడుతుంది. అందులో దాదాపు 60 శాతం సమయం ఆ పాదం నేల మీద ఉంటుంది, 40 శాతం గాల్లో ఉంటుంది. రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండే క్షణాలు ప్రతి స్ట్రైడ్‌లో రెండుసార్లు వస్తాయి, ఒక్కోటీ పది శాతం చొప్పున.

నొప్పి ఉన్న కాలి మీద మనిషి ఎక్కువసేపు నిలవడు. కుంటు అని మనం అనేది చాలావరకు అదే. పడతానేమో అన్న భయం ఉన్నా, నడక నెమ్మదించినా, రెండు పాదాలూ కలిసి నేల మీద ఉండే సమయం పెరుగుతుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంటే మిగతాదంతా లెక్కే.

ఒంటికి పరికరం కట్టి నడకను కొలవడం కొత్తేమీ కాదు. 1870లలోనే పారిస్‌లో ఎతియెన్ జూల్ మారే అనే శాస్త్రవేత్త బూటు అడుగున గాలి నిండిన అర పెట్టి, దాన్నుంచి రబ్బరు గొట్టం పైకి తీసి, నడిచే మనిషి చేతిలోనే ఉన్న చిన్న డ్రమ్ము మీద అడుగుల గీతలు గీయించాడు. మనం చేయబోయేది అదే, గొట్టం లేకుండా.

సామాను కొనేముందు ఫోనుతో ఒకసారి

డబ్బు పెట్టేముందు ఒక సాయంత్రం ఫోనుతో చేసి చూడండి. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోనులోని జైరోస్కోప్ (ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచేది) రీడింగులను రికార్డు చేసి ఫైలుగా ఇస్తుంది. ఫోనును క్రేప్ బ్యాండేజీతో మీ పిక్కకు బయటివైపు కట్టుకుని ఇరవై అడుగులు నడవండి. గ్రాఫ్‌లో వరసగా కొండలు కనిపిస్తాయి. ఒక్కో కొండ ఒక్కో స్ట్రైడ్. ఆ కొండలు మీకు ఆసక్తి పుట్టిస్తేనే ముందుకు వెళ్లండి.

కావాల్సినవి: వైఫై ఉన్న ఈఎస్‌పీ32 రకం చిన్న బోర్డులు మూడు (కాళ్లకు రెండు, ల్యాప్‌టాప్‌కు ఒకటి), జైరోస్కోప్, యాక్సెలరోమీటర్ (వేగంలో మార్పును కొలిచేది) కలిసి ఉన్న ఎంపీయూ6050 సెన్సర్ మాడ్యూళ్లు రెండు, 400 ఎంఏహెచ్ లిథియం పాలిమర్ బ్యాటరీలు రెండు, వెల్క్రో బెల్టులు, బ్యాటరీతో సహా పట్టే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు. హైదరాబాద్‌లో ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ ఒక్క చోటే దొరుకుతాయి. మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

బోర్డు విషయంలో ఒక జాగ్రత్త. బ్యాటరీ పెట్టుకునే చోటు, చార్జింగ్ సర్క్యూట్ బోర్డులోనే ఉన్నవి తీసుకోండి. రూపాయి బిళ్లకు కాస్త పెద్దగా ఉండేవి ఇప్పుడు దొరుకుతున్నాయి. యూఎస్‌బీ కరెంటు కోసం చేసిన మామూలు బోర్డుకు బ్యాటరీ కలిపితే, అందులో వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్‌కు బ్యాటరీ వోల్టేజీ చాలదు. బ్యాటరీ కాస్త దిగగానే, వైఫై పంపే క్షణంలో బోర్డు రీసెట్ అవుతుంది. నేను మొదట కట్టింది అలాంటిదే. అమ్మ మూడోసారి కారిడార్ చివరిదాకా నడిచాక చూస్తే, ఫైలులో సగం నడక లేదు. నొప్పితో నడిచిన మనిషిని మళ్లీ నడవమని అడగాల్సి రావడం చాలా బాధ. అందుకే చెబుతున్నాను.

కలపడం, సెట్టింగులు

వైర్లు నాలుగే. సెన్సర్‌కు 3.3 వోల్టులు, గ్రౌండు, ఎస్‌డీఏ (డేటా), ఎస్‌సీఎల్ (క్లాక్). ఎంపీయూ6050 కరెంటు రాగానే నిద్రలో ఉంటుంది. దాని లోపలి సెట్టింగుల గదుల్లో ఒకటైన రిజిస్టర్ 6బీలో (హెక్స్ నంబరు) సున్నా రాస్తేనే లేస్తుంది. ఇది మరిచిపోయి "సెన్సర్ పాడైంది" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

జైరోస్కోప్ రేంజి సెకనుకు 500 డిగ్రీలు పెట్టండి. ముందుగా వచ్చే 250 డిగ్రీల సెట్టింగు చాలదు. చురుగ్గా నడిచే మనిషి పిక్క గాల్లో ఊగేటప్పుడు అది దాటిపోతుంది, కొండల తలలు కోసేసినట్టు చదునుగా వస్తాయి. 500 రేంజిలో వచ్చిన అంకెను 65.5తో భాగిస్తే సెకనుకు ఎన్ని డిగ్రీలో తెలుస్తుంది. యాక్సెలరోమీటర్‌కు 8 జీ (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం) రేంజి, భాగించాల్సింది 4096తో. సెకనుకు వంద రీడింగులు చాలు.

గాల్లో పంపేటప్పుడు

ఈ బోర్డుల్లో ఈఎస్‌పీ నౌ అనే పద్ధతి ఉంది. రూటర్ అవసరం లేకుండా ఒక బోర్డు ఇంకో బోర్డుకు నేరుగా పంపుతుంది. ఒక్కో ప్యాకెట్‌లో 250 బైట్లు పడతాయి. ఒక్కో రీడింగునూ విడిగా పంపకుండా, పది రీడింగులు మూటకట్టి సెకనుకు పది ప్యాకెట్లు పంపండి. పది రీడింగులకు 120 బైట్లే అవుతాయి, ఇంకా చోటు మిగులుతుంది. ఆ చోటులో రెండు విషయాలు తప్పకుండా పెట్టండి: ప్యాకెట్ వరస నంబరు, మొదటి రీడింగు తీసిన సమయం. నంబరు ఉంటే ఏ ప్యాకెట్ దారిలో పోయిందో తెలుస్తుంది. సమయం మాత్రం సెన్సర్ బోర్డు గడియారానిదే అయ్యుండాలి. ల్యాప్‌టాప్‌కు ప్యాకెట్ చేరిన సమయాన్ని నమ్మొద్దు. గాల్లో ఒక్కోసారి ఆలస్యమవుతుంది, మనం వెతికే తేడాలు ఆ ఆలస్యం కంటే చిన్నవి.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. వైఫై తరంగాలను నీరు మింగేస్తుంది. అందుకని యాంటెన్నా చర్మం వైపు కాకుండా బయటివైపు ఉండేలా బోర్డును పెట్టెలో అమర్చండి.

రెండు బోర్డుల గడియారాలు వేర్వేరుగా నడుస్తాయి. ఒక్కో కాలు నేల మీద ఎంతసేపు ఉంది అన్న లెక్కకు వాటిని కలపక్కర్లేదు. ఎడమ మడమ తాకిన ఎంతసేపటికి కుడి మడమ తాకింది అని కావాలంటేనే కలపాలి. అందుకు తేలిక మార్గం: కట్టేముందు రెండు పెట్టెలనూ ఒకే చేతిలో దగ్గరగా పట్టుకుని బల్ల మీద మూడుసార్లు తట్టండి. రెండు రికార్డుల్లోనూ ముళ్లలా మూడు మొనలు వస్తాయి, వాటిని ఒకదాని మీద ఒకటి కలపండి. నడక అయ్యాక ఇంకోసారి తట్టండి. లక్ష మిల్లీసెకన్లకు రెండే మిల్లీసెకన్లు తేడా ఉన్న గడియారం కూడా పది నిమిషాల్లో 12 మిల్లీసెకన్లు పక్కకు పోతుంది. చివరి తట్టు ఉంటే ఆ తేడా సరిదిద్దుకోవచ్చు.

కట్టడం దగ్గరే అంతా ఉంది

ఎంత మంచి సెన్సర్ కొన్నా, వదులుగా కడితే వచ్చేది బెల్టు ఊగుడే, కాలి నడక కాదు. చీలమండ బయటివైపు పొడుచుకొచ్చే ఎముకకు నాలుగు వేళ్లు పైన కట్టండి. పెట్టె చదునుగా కాలి పక్కకు ఆనాలి, మూత బయటికి చూడాలి. అప్పుడు బోర్డులోంచి బయటికి పొడుచుకొచ్చే జెడ్ అక్షం చుట్టూ తిరిగే వేగమే మనకు కావాల్సింది. కుడి కాలికీ ఎడమ కాలికీ ఈ వేగం గుర్తు తిరగబడి వస్తుంది. ఒకదాన్ని మైనస్ ఒకటితో గుణించండి.

ఎత్తు కాస్త అటూ ఇటూ అయినా కంగారు పడొద్దు. ఒకే ఎముక మీద పైన కట్టినా కింద కట్టినా తిరిగే వేగం ఒకటే. యాక్సెలరోమీటర్ రీడింగు మాత్రం మారుతుంది. నేను ఈ పనికి జైరోస్కోప్‌నే నమ్ముకోవడానికి కారణం ఇదే. కట్టాక చూపుడు వేలు బెల్టు కిందికి కష్టం మీద దూరాలి. పెద్దవాళ్ల చర్మం పలచగా ఉంటుంది కాబట్టి కింద మెత్తటి నూలు గుడ్డ చుట్టండి. ఆపరేషన్ గాయం మీద, వాపు మీద కట్టొద్దు. పిక్కలో నొప్పి, వేడి, వాపు ఉంటే అసలు నడిపించకుండా ముందు డాక్టరుకు చూపించండి. కాలికి ఉండగా బ్యాటరీని చార్జింగ్ పెట్టొద్దు.

ఇంకో సంగతి అనుభవం మీద తెలిసింది. రెండో వారం అమ్మ ఎడమ కాలి గ్రాఫ్‌లో ప్రతి కొండ పక్కనా సన్నటి ముళ్లు రావడం మొదలైంది. కుడి కాలిది శుభ్రంగా ఉంది. వైరు లూజైందని విప్పి మళ్లీ సోల్డర్ చేశాను, బెల్టు మార్చాను. పోలేదు. చివరికి నేల మీద కూర్చుని ఆమె నడుస్తుంటే కాళ్లనే చూశాను. కుడి కాలికి వాపు వల్ల వెండి పట్టీ తీసేసింది, ఎడమ కాలిది ఉంచుకుంది. అడుగు వేసినప్పుడల్లా ఆ పట్టీ పైకి జారి పెట్టె అంచుకు టిక్కుమని తగులుతోంది. కాబట్టి పట్టీలు తీయించండి. చీర కుచ్చిళ్లను పెట్టెల కంటే పైకి దోపుకోమనండి. లుంగీ, నైటీ అయినా అంతే.

నడిపించడం

పద్నాలుగు మీటర్ల తిన్నని దారి వెతకండి. అపార్ట్‌మెంట్ కారిడార్ బాగుంటుంది, తడి లేకుండా చూసుకోండి. మొదటి రెండు మీటర్లు వేగం అందుకోవడానికి, చివరి రెండు ఆగడానికి, మధ్యలోని పది మీటర్లే కొలతకు. ఆ పది మీటర్ల మొదట, చివర నేల మీద టేపు అంటించండి. స్టాప్‌వాచీతో ఆ పది మీటర్ల సమయం తీయండి. పదిని ఆ సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. పది మీటర్లకు 12.5 సెకన్లంటే సెకనుకు 0.8 మీటరు. పెద్దవాళ్లలో వేగం అంతకు తగ్గితే కండబలం గురించి డాక్టర్లు లోతుగా చూస్తారు.

బెల్టు కట్టగానే పది సెకన్లు కదలకుండా నిలబడమనండి. జైరోస్కోప్ కదలకున్నా సున్నా చూపించదు, ఎంతో కొంత చూపిస్తుంది. ఆ పది సెకన్ల సగటును మొత్తం రికార్డులోంచి తీసేయాలి.

నడిచే మనిషి ముందు నడవొద్దు. మీ వేగానికి ఆమె అడుగు కలుపుతుంది. ఒక అడుగు వెనకగా, పక్కగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండండి. కర్ర వాడేవాళ్లయితే కర్రతోనే నడవనివ్వండి. మాట్లాడించొద్దు. "బాగా నడువమ్మా" అని అసలు అనొద్దు. కొలుస్తున్నారంటేనే మనిషి ఒళ్లు బిగించి మంచి నడక చూపించాలనుకుంటుంది. నేను "వంటింట్లోకి వెళ్లినట్టు వెళ్లమ్మా" అనేవాణ్ణి. మొదటి నడకను లెక్కలోంచి తీసేసేవాణ్ణి.

చెప్పుల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ కాదు. మన ఇళ్లలో వట్టి కాళ్లతో తిరుగుతాం. హవాయి చెప్పులు వేసుకుంటే అవి జారిపోకుండా వేళ్లు బిగించి నడుస్తాం, నడక మారుతుంది. ఒకసారి వట్టి కాళ్లతో కొలిస్తే ఎప్పుడూ వట్టి కాళ్లతోనే కొలవండి. ప్రతిసారీ అదే వేళకు, నొప్పి మాత్ర వేసుకున్నాక అంతే సేపటికి కొలవండి. నోటుబుక్కులో తారీఖు, వేళ, మాత్ర, నిద్ర ఎలా పట్టింది, ఇవన్నీ రాయండి. ఆ నోటుబుక్కు లేకపోతే నెల తర్వాత అంకెలు మీతో మాట్లాడవు.

గీతను చదవడం

ఫైలును పైథాన్‌లో తెరిచి, జెడ్ అక్షం వేగాన్ని గీయండి. పిక్క గాల్లో ముందుకు ఊగేటప్పుడు పెద్ద కొండ. దానికి రెండు పక్కలా రెండు లోయలు. కొండకు ముందున్న లోయ దగ్గర బొటనవేలు నేలను విడిచింది, తర్వాత ఉన్న లోయ దగ్గర మడమ నేలను తాకింది. లోయకూ అసలు క్షణానికీ కొన్ని మిల్లీసెకన్ల ఎడం ఉండొచ్చు. రెండు కాళ్లకూ అది ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి పోలికకు అడ్డు రాదు.

పైథాన్ లైబ్రరీ సైపైలో శిఖరాలు వెతికే ఫంక్షన్ ఉంది. శిఖరం ఎంత ఎత్తుంటే లెక్కలోకి తీసుకోవాలో ముందే ఒక అంకె పెట్టేయొద్దు. పాదాలు ఈడ్చి నడిచేవాళ్ల కొండలు చిన్నవిగా ఉంటాయి. ఆ రోజు రికార్డులో వచ్చిన ఎత్తైన శిఖరంలో 40 శాతం పెట్టండి, రెండు శిఖరాల మధ్య కనీసం అర సెకను ఎడం పెట్టండి. గీతను నునుపు చేసే ఫిల్టరును ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నడపండి, లేకపోతే అన్ని క్షణాలూ పక్కకు జరుగుతాయి. మలుపు దగ్గరి స్ట్రైడ్లు కోసేయండి.

ప్రోగ్రాం చెప్పింది నమ్మేముందు ఒక్కసారి ఫోనులో పాదాలను వీడియో తీయండి. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. ఇరవై స్ట్రైడ్లు ఫ్రేము ఫ్రేముగా చూసి సరిపోల్చండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. సగటు స్ట్రైడ్ 1.20 సెకన్లు. ఆపరేషన్ అయిన కుడి కాలు నేల మీద 0.70 సెకను, ఎడమ కాలు 0.78 సెకను ఉన్నాయనుకోండి.

120ని స్ట్రైడ్‌తో భాగిస్తే నిమిషానికి అడుగులు: 100. కుడి కాలు నేల మీద 58 శాతం, ఎడమది 65 శాతం. రెండింటి తేడా 0.08ని వాటి సగటు 0.74తో భాగిస్తే 11 శాతం. కుంటుకు ఇదే మన అంకె. రెండు కాళ్ల సమయాలూ కూడి స్ట్రైడ్‌ను తీసేస్తే 0.28 సెకను మిగులుతుంది. రెండు పాదాలూ కలిసి నేల మీద ఉన్న సమయం అది, అంటే 23 శాతం.

ఇంకో అంకె కూడా తీయండి. స్ట్రైడ్ సమయాల ప్రామాణిక విచలనాన్ని (స్టాండర్డ్ డీవియేషన్) సగటుతో భాగించి శాతంగా రాయండి. ఒక్కో స్ట్రైడ్‌కు పట్టే సమయం ఎంత మారుతోందో ఇది చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సాధారణంగా మూడు శాతం లోపే ఉంటుంది. ఇంట్లో తమంతట తాము తిరిగే పెద్దవాళ్లను ఏడాది పాటు గమనించి, ఈ అంకె ఎక్కువున్నవాళ్లే ఎక్కువగా పడుతున్నారని జెఫ్రీ హౌస్‌డార్ఫ్ అనే పరిశోధకుడి బృందం 2001లో చూపించింది. దీనికి కనీసం 30 స్ట్రైడ్లు కావాలి, కాబట్టి నాలుగైదు నడకలు కలపండి. మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

అన్నిటికంటే ముందు, ఒకే రోజు గంట తేడాతో రెండుసార్లు కొలవండి. బెల్టు విప్పి మళ్లీ కట్టి కొలవండి. రెండింటికీ మధ్య మూడు శాతం తేడా వచ్చిందంటే, మీ కొలత పదును అంతే. వచ్చే వారం రెండు శాతం తగ్గిందని పండగ చేసుకోవద్దు, రెండు శాతం పెరిగిందని టెన్షన్ పడొద్దు.

ఈ సెన్సర్‌తో దూరం కొలవొచ్చు కదా అని మీకు తోస్తుంది. యాక్సెలరోమీటర్ రీడింగును రెండుసార్లు సమాకలనం (ఇంటిగ్రేషన్) చేస్తే దూరం రావాలి, పుస్తకం ప్రకారం. కానీ రీడింగులో సెకను వర్గానికి 0.05 మీటరు తప్పున్నా, పది సెకన్లకు రెండున్నర మీటర్లు, నిమిషానికి 90 మీటర్లు పక్కకు పోతుంది. పాదం మీదే సెన్సర్ కట్టి, పాదం నేల మీద ఆగిన ప్రతిసారీ వేగాన్ని సున్నా చేస్తూ పోతే ఇది సాధ్యమే. కానీ అది వేరే పని, వేరే ప్రోగ్రాం. దూరానికి టేపు, సమయానికి స్టాప్‌వాచీ ఉన్నాయి, అవి చాలు.

వారానికి ఒక్కసారి కొలిచి, గ్రాఫ్ పేపరు మీద చుక్క పెట్టండి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు నోటుబుక్కుతో పాటు ఆ కాగితం తీసుకెళ్లండి, మీరే నిర్ధారణలు చేయకండి. మా ఫిజియోథెరపిస్టు చుక్కలు చూసి, నాలుగో వారం దగ్గర వేలు పెట్టి "ఇక్కడ ఏం మారింది?" అని అడిగింది. నోటుబుక్కు తీస్తే, ఆ వారం అమ్మ మెట్లు దిగే వ్యాయామం మానేసిందని నా రాతలోనే ఉంది. నొప్పి పుడుతోందని మాతో చెప్పకుండా మానేసిందట. వ్యాయామం మార్చి ఇచ్చింది.

నడక అయ్యాక బెల్టులు ఉతికి ఆరేయండి. మళ్లీ వాడటానికి చాలా రోజులు పడుతుందంటే బ్యాటరీలను పూర్తిగా నింపకుండా, పూర్తిగా దించకుండా, సగం చార్జితో పెట్టండి. మావి ఇప్పుడు బీరువాలో అలాగే ఉన్నాయి. ఎడమ మోకాలికి కూడా ఆపరేషన్ చేయాలన్నారు, వచ్చే నెలలో. "ఈసారి ఆపరేషన్‌కు ముందే ఒకసారి కొలువురా, ఎంత తేడా వస్తుందో చూద్దాం" అని అమ్మే అడిగింది.